మసకబారే సిగ్నల్, నిలిచే సందేశం: ఫేడింగ్ ఛానళ్లలో దోష సవరణ కోడ్‌ల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నాయిస్ వల్ల వచ్చే దోషాలకూ, ఫేడింగ్ వల్ల వచ్చే దోషాలకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• దోష సవరణ కోడ్‌ల వికాసంలో గణితజ్ఞుల పాత్రనూ, రేడియో ఇంజనీర్ల పాత్రనూ వేరువేరుగా గుర్తించగలుగుతారు.
• ఇంటర్‌లీవింగ్, డైవర్సిటీ అనే రెండు భావనలు మొబైల్ ఫోన్‌ను ఎలా సాధ్యం చేశాయో చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఒక సందేశానికి కొన్ని అదనపు బిట్‌లను ఒక నియమం ప్రకారం చేర్చి పంపితే, దారిలో కొన్ని బిట్‌లు తారుమారైనా అందుకునేవారు అసలు సందేశాన్ని రాబట్టుకోవచ్చు. దీనినే దోష సవరణ కోడింగ్ అంటారు. ఈ సూత్రం మనకు బొత్తిగా కొత్తది కాదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులు ఒక కందపద్యంలో అక్షరం చెరిగిపోతే గణం, యతి, ప్రాసల ఆధారంగా అక్కడ ఏ అక్షరం ఉండాలో నిర్ణయిస్తారు. భావం చెప్పడానికి కావలసిన వాటి కంటే ఎక్కువ నియమాలను పద్యం పాటిస్తుంది కాబట్టే ఇది సాధ్యమవుతుంది.

అయితే చెదలు పట్టి ఒక పాదం మొత్తం పోతే ఛందస్సు మాత్రం ఏం చేయగలదు? ఇరవై అక్షరాలు ఇరవై పద్యాలలో ఒక్కొక్కటిగా పోతే చాలావరకు పూరించవచ్చు. అవే ఇరవై అక్షరాలు ఒకేచోట పోతే పూరించడం కష్టం. నష్టం ఎంత అన్నది ఒక ప్రశ్న. నష్టం ఎలా పంచుకొని వచ్చింది అన్నది మరొక ప్రశ్న. వైర్‌లెస్ సమాచార చరిత్రలో ఈ రెండవ ప్రశ్నే ముఖ్యమైంది.

కోడ్‌ల చరిత్రను సాధారణంగా ఇలా చెబుతారు: 1948లో షానన్ ఒక హద్దు గీశాడు, ఆ తరువాత గణితజ్ఞులు దానికి చేరువవుతూ వచ్చారు, 1993లో టర్బో కోడ్‌లు దాదాపు దానిని అందుకున్నాయి. ఇందులో అబద్ధం లేదు. కానీ ఇది సగం కథ మాత్రమే. మన చేతిలోని మొబైల్ ఫోన్ పనిచేయడానికి మరొక సగం కావాలి. సమాచారాన్ని ఒకే క్షణానికి, ఒకే పౌనఃపున్యానికి, ఒకే ఏంటెనాకు అప్పగించకూడదు అన్నదే ఆ రెండవ సగం నేర్పిన పాఠం. ఈ పాఠాన్ని షానన్ కంటే ముందే రేడియో ఇంజనీర్లు అనుభవంతో నేర్చుకున్నారు. ఈ రెండు ధారలు ఎలా కలిశాయో ఇప్పుడు చూద్దాం.

2. రేడియో ఇంజనీర్ల తొలి అనుభవం

రాత్రివేళ షార్ట్‌వేవ్ మీద రేడియో సిలోన్ విన్న పెద్దలు మీ ఇంట్లో ఉంటే అడగండి. పాట స్పష్టంగా వినిపిస్తూ వినిపిస్తూ ఉన్నట్టుండి సన్నగిల్లేది. కాసేపటికి దానంతట అదే తిరిగి వచ్చేది. సిగ్నల్ బలం ఈ విధంగా హెచ్చుతగ్గులకు లోనుకావడాన్నే ఫేడింగ్ అంటారు.

దీనికి కారణం తరంగాలు ఒకే దారిలో రాకపోవడం. షార్ట్‌వేవ్ తరంగాలు అయనావరణంలో వేరువేరు ఎత్తుల నుంచి వంగి వస్తాయి. నగరంలోని మొబైల్ సిగ్నల్ మేడలను, వాహనాలను తాకి వస్తుంది. వేరువేరు దూరాలు ప్రయాణించి వచ్చిన తరంగాలు రిసీవర్ దగ్గర కలుస్తాయి. శిఖరం మీద శిఖరం పడితే సిగ్నల్ బలపడుతుంది. శిఖరం మీద ద్రోణి పడితే రెండూ రద్దయిపోతాయి. యాదృచ్ఛిక దశలతో ఉన్న అనేక కంపనాలు కలిస్తే ఫలితం ఎలా ఉంటుందో లార్డ్ రేలీ 1880లోనే ధ్వనికి సంబంధించి లెక్కకట్టాడు. అందుకే ఈ రకం క్షీణతను రేలీ ఫేడింగ్ అంటారు.

రేలీ లెక్క ప్రకారం, సిగ్నల్ శక్తి తన సగటులో పదోవంతు కంటే కిందికి పడిపోయే సంభావ్యత సుమారు 10 శాతం. నూరోవంతు కంటే కిందికి పడిపోయే సంభావ్యత సుమారు 1 శాతం. ప్రసార శక్తిని పది రెట్లు పెంచితే సిగ్నల్ తెగిపోయే సందర్భాలు దాదాపు పదోవంతుకు తగ్గుతాయి, అంతే. ఖర్చుకు తగిన ఫలితం అనిపించవచ్చు గాని, వెయ్యిరెట్లు నమ్మకం కావాలంటే వెయ్యిరెట్లు శక్తి పెట్టాలి. అది ఎవరికీ సాధ్యం కాదు.

దీనికి ఇంజనీర్లు కనుగొన్న మార్గం డైవర్సిటీ. అమెరికాలో ఆర్.సి.ఎ. సంస్థకు చెందిన హెరాల్డ్ బెవరేజ్, హెరాల్డ్ పీటర్సన్ 1931లో ప్రచురించిన పత్రంలో మూడు ఏంటెనాలను దూరదూరంగా నిలిపి, వాటి సిగ్నళ్లను కలిపి వాడే పద్ధతిని వివరించారు. ఒక ఏంటెనా దగ్గర సిగ్నల్ క్షీణించిన క్షణంలో మరొకదాని దగ్గర బాగానే ఉండవచ్చు. రెండు ఏంటెనాల క్షీణత ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగితే, రెండూ ఒకేసారి నూరోవంతు కంటే కిందికి పడిపోయే సంభావ్యత 1 శాతంలో 1 శాతం, అంటే పదివేలలో ఒకటి. మూడయితే పది లక్షలలో ఒకటి. శక్తిని వెయ్యి రెట్లు పెంచినా రానంత లాభం మరి రెండు ఏంటెనాలతో వచ్చింది.

ఇదే కాలపు మరొక ఆవిష్కరణ నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. అక్కడి తపాలా, టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసిన హెండ్రిక్ వాన్ డ్యూరెన్ 1940ల్లో షార్ట్‌వేవ్ టెలిప్రింటర్ కోసం ఏడు బిట్‌ల కోడ్‌ను రూపొందించాడు. ప్రతి అక్షరంలోనూ సరిగ్గా మూడు ఒకట్లు, నాలుగు సున్నలు ఉంటాయి. అలాంటి అమరికలు 35 సాధ్యం. టెలిప్రింటర్‌కు కావలసినవి 32 కాబట్టి అవి సరిపోతాయి. అందిన అక్షరంలో మూడు ఒకట్లు లేకపోతే దోషం జరిగిందని యంత్రం గ్రహించి, మళ్లీ పంపమని తనంతట తానే అడుగుతుంది. ఇది దోషాన్ని సవరించదు, గుర్తిస్తుంది. సవరించే భారాన్ని మరికొంత కాలం గడిచాక వచ్చే మెరుగైన సిగ్నల్‌కు వదిలిపెడుతుంది. ఈ ఉపాయాన్ని గుర్తుంచుకోండి. పాఠం చివర ఇది మళ్లీ కనిపిస్తుంది.

3. గణితజ్ఞుల ధార: 1948 నుంచి 1960 వరకు

క్లాడ్ షానన్ 1948లో బెల్ సిస్టం టెక్నికల్ జర్నల్‌లో ప్రచురించిన పత్రం సమాచార సిద్ధాంతానికి పునాది. ప్రతి ఛానల్‌కు ఒక సామర్థ్యం ఉంటుందనీ, ఆ వేగానికి లోబడి పంపినంత కాలం దోషాల రేటును ఎంత తక్కువకైనా తగ్గించవచ్చనీ అతడు నిరూపించాడు. అంతవరకు నమ్మకం పెరగాలంటే వేగాన్ని అదే పనిగా తగ్గించుకుంటూ పోవాలని అందరూ అనుకునేవారు. అలా అవసరం లేదని షానన్ చూపాడు. కానీ మంచి కోడ్ ఉంటుందని చెప్పాడే గాని, దానిని ఎలా తయారుచేయాలో చెప్పలేదు.

అదే బెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న రిచర్డ్ హామింగ్ మరొక వైపు నుంచి వచ్చాడు. వారాంతాల్లో మనుషులు లేనప్పుడు రిలే కంప్యూటర్‌పై అతడు పెట్టిన లెక్కలు ఏదో ఒక దోషం వల్ల ఆగిపోయేవి. దోషం ఉందని యంత్రం గుర్తించగలిగినప్పుడు, అది ఎక్కడ ఉందో ఎందుకు కనుక్కోలేదు అన్నది అతని ప్రశ్న. 1950లో ప్రచురించిన అతని కోడ్‌లలో నాలుగు సమాచార బిట్‌లకు మూడు తనిఖీ బిట్‌లు చేరుతాయి. మూడు తనిఖీలు ఎనిమిది రకాల ఫలితాలను ఇస్తాయి. ఒక ఫలితానికి దోషం లేదని అర్థం. మిగిలిన ఏడు ఫలితాలు ఏడు బిట్‌లలో ఏది తప్పిందో చూపుతాయి. లెక్క సరిగ్గా సరిపోయింది. అయితే ఏడింటిలో రెండు తప్పితే ఈ కోడ్ చేతులెత్తేస్తుంది.

ఆ తరువాతి పదేళ్లు ఎక్కువ దోషాలను సవరించే కోడ్‌ల కోసం సాగిన అన్వేషణ. మార్సెల్ గోలే 1949లో, పీటర్ ఎలియాస్ 1955లో ముఖ్యమైన కోడ్‌లను ప్రతిపాదించారు. సమాచారాన్ని దిమ్మెలుగా విడగొట్టకుండా ప్రవాహంలా కోడ్ చేసే కన్వల్యూషనల్ కోడ్ ఎలియాస్ ఇచ్చినదే. 1959లో ఫ్రాన్స్‌లో హోకెంగెమ్, 1960లో అమెరికాలో రాజ్‌చంద్ర బోస్, డి.కె. రాయ్‌చౌధురి వేరువేరుగా కనుగొన్న కోడ్‌లు వారి పేర్లలోని మొదటి అక్షరాలతో బి.సి.హెచ్. కోడ్‌లయ్యాయి.

బోస్ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అతడు కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ప్రయోగాల రూపకల్పన మీద పనిచేసిన గణితజ్ఞుడు. ఎన్ని రకాల ఎరువులను, విత్తనాలను ఏ కలయికల్లో పరీక్షిస్తే తక్కువ మడులతో నమ్మదగిన ఫలితం వస్తుంది అన్నది ఆ శాస్త్రంలోని ప్రశ్న. అదే సంస్థలో అతని సహచరుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1940ల్లో ఆర్తోగొనల్ అరేలు అనే అమరికలను ప్రవేశపెట్టారు. పొలంలో ప్రయోగానికి మంచి అమరికను వెదకడం, దోషాలను తట్టుకునే కోడ్‌ను వెదకడం లోపల ఒకే గణితానికి చెందినవని బోస్ 1961లో రాసిన పత్రంలో వివరించారు. ఒక రంగంలో పుట్టిన గణితం మరొక రంగానికి ఎలా ఉపకరిస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

1960లోనే ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ మరొక అడుగు వేశారు. వారి కోడ్ బిట్‌లను విడివిడిగా కాక గుంపులుగా, ఉదాహరణకు ఎనిమిదేసి చొప్పున, ఒక్కొక్క చిహ్నంగా చూస్తుంది. ఒక చిహ్నంలో ఒక బిట్ తప్పినా, ఎనిమిదీ తప్పినా ఒక దోషమే. దోషాలు పక్కపక్కనే వచ్చే సందర్భాలకు ఈ గుణం బాగా సరిపోయింది.

4. గుంపుగా వచ్చే దోషాలు

1960 నాటికి చాలా కోడ్‌లు ఒక ఊహ మీద ఆధారపడ్డాయి. ఒక బిట్ తప్పడానికీ, దాని పక్క బిట్ తప్పడానికీ సంబంధం లేదన్నదే ఆ ఊహ. ఉష్ణం వల్ల పుట్టే నాయిస్ విషయంలో ఇది నిజం. ఫేడింగ్ విషయంలో నిజం కాదు. సిగ్నల్ పడిపోయినంతసేపూ దోషాలు వరుసగా వస్తాయి. సిగ్నల్ లేచాక చాలాసేపటి వరకు ఒక్కటీ రాదు.

దీనికి తొలి స్పష్టమైన నమూనా 1960లో బెల్ ప్రయోగశాలకు చెందిన ఎడ్గర్ గిల్బర్ట్ ఇచ్చాడు. 1963లో ఇ.ఒ. ఎలియట్ దానిని విస్తరించాడు. ఛానల్ ఎప్పుడూ రెండు స్థితులలో ఒకదానిలో ఉంటుంది: మంచి స్థితి, చెడు స్థితి. ఒక స్థితి నుంచి మరొకదానికి మారే సంభావ్యతలు ఉంటాయి. గిల్బర్ట్ దృష్టిలో ఉన్నవి టెలిఫోన్ తీగలే అయినా, ఈ నమూనా రేడియోకు కూడా చక్కగా అమరింది.

గుంపు దోషాలకు రెండు మార్గాలు కనిపించాయి. మొదటిది, గుంపులను సవరించడానికే ప్రత్యేకంగా కోడ్‌లు తయారుచేయడం. 1959లో ఫిలిప్ ఫైర్ ప్రతిపాదించిన ఫైర్ కోడ్‌లు ఈ కోవకు చెందినవి. రెండవది, దోషాలను చెదరగొట్టి, మామూలు కోడ్‌కు అందేలా చేయడం. దీనినే ఇంటర్‌లీవింగ్ అంటారు.

దీనిని ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. హామింగ్ కోడ్‌లోని ఏడు బిట్‌ల పదాలను నాలుగింటిని తీసుకోండి. వాటిని ఒకదాని కింద ఒకటి నాలుగు అడ్డువరుసలుగా రాయండి. ఇప్పుడు అడ్డువరుసల ప్రకారం కాకుండా నిలువు వరుసల ప్రకారం 28 బిట్‌లను పంపండి. దారిలో వరుసగా నాలుగు బిట్‌లు పాడయ్యాయనుకుందాం. అందుకున్నవారు వాటిని మళ్లీ పట్టికలో నింపితే, ఆ నాలుగు దోషాలు నాలుగు వేరువేరు పదాలలో ఒక్కొక్కటిగా పడతాయి. ఒక్కొక్క పదంలో ఒక్క దోషాన్ని హామింగ్ కోడ్ సవరించగలదు. ఇంటర్‌లీవింగ్ లేకపోతే నాలుగు దోషాలూ ఒకటి రెండు పదాల మీద పడి, ఆ పదాలు దక్కకుండా పోయేవి.

ఇక్కడ అదనంగా ఒక్క బిట్ కూడా పంపలేదని గమనించండి. కానీ ఖర్చు లేకుండా లాభం రాదు. పట్టిక పూర్తిగా నిండేవరకు ఆగాలి, అందుకున్నాక మళ్లీ నిండేవరకు ఆగాలి. అంటే ఆలస్యమే దీని మూల్యం. టెలిగ్రాం ఒక సెకను ఆలస్యమైనా ఎవరికీ తెలియదు. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక సెకను ఆలస్యం భరించలేనిది. ఫేడింగ్ మీద పోరాటం ఎంతవరకు సాగగలదో చివరికి మనిషి చెవి నిర్ణయించింది.

ఈ కాలంలోనే మరొక ముఖ్యమైన అవగాహన కలిగింది. సిగ్నల్ బలహీనపడిన సంగతి రిసీవర్‌కు చాలాసార్లు తెలుస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు బిట్ సున్నా, ఒకటా అని తొందరపడి తీర్పు చెప్పకుండా, ఎంత నమ్మకంగా చెప్పవచ్చో కూడా డీకోడర్‌కు తెలియజేస్తే మేలు. ఆండ్రూ విటర్బి 1967లో ప్రతిపాదించిన డీకోడింగ్ పద్ధతి కన్వల్యూషనల్ కోడ్‌లకు ఈ నమ్మకపు కొలతను సులువుగా వాడుకోగలిగింది. అందుకే ఆ తరువాతి ముప్పై ఏళ్ల వైర్‌లెస్ వ్యవస్థలలో ఈ జంట స్థిరపడింది.

5. మొబైల్ ఫోన్: పాఠం ఆచరణలోకి వచ్చిన తీరు

కదులుతున్న వాహనంలో సిగ్నల్ ఎలా మారుతుందో ఆర్.హెచ్. క్లార్క్ 1968లో గణాంక సిద్ధాంతంగా రాశాడు. దాని సారాంశం ఇది: చుట్టూ అన్ని దిక్కుల నుంచి తరంగాలు వస్తున్నప్పుడు, సుమారు సగం తరంగదైర్ఘ్యానికి ఒకసారి సిగ్నల్ లోతుగా పడిపోవచ్చు. 900 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 33 సెంటీమీటర్లు, అందులో సగం సుమారు 17 సెంటీమీటర్లు. అంటే మీరు ఒక జానెడు జరిగినా సిగ్నల్ మారిపోవచ్చు.

యూరప్ దేశాలు ఉమ్మడిగా రూపొందించిన జి.ఎస్.ఎం. వ్యవస్థలో 1991 జూలై 1న ఫిన్లాండ్‌లో తొలి కాల్ జరిగింది. ఆ వ్యవస్థ మాటను ఎలా కాపాడిందో వివరంగా చూడటం మంచిది. గడచిన అరవై ఏళ్ల పాఠాలన్నీ అందులో ఉన్నాయి.

మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కను 260 బిట్‌లుగా మారుస్తారు. ఈ 260 బిట్‌లు సమానం కావు. 50 బిట్‌లు తప్పితే మాట గుర్తుపట్టలేనట్టు అవుతుంది. 132 బిట్‌లు ఒక మోస్తరు ముఖ్యమైనవి. మిగిలిన 78 తప్పినా చెవికి కొద్దిపాటి గరగర మాత్రమే వినిపిస్తుంది. కాబట్టి రక్షణను కూడా అదే నిష్పత్తిలో పంచారు. మొదటి 50 బిట్‌లకు మూడు తనిఖీ బిట్‌లు చేర్చారు. ఆ 53, తరువాతి 132, ముగింపు కోసం మరో నాలుగు కలిపి 189 బిట్‌లను కన్వల్యూషనల్ కోడ్ రెట్టింపు చేసి 378 బిట్‌లుగా మార్చింది. 78 బిట్‌లను ఏ రక్షణా లేకుండా అలాగే చేర్చారు. మొత్తం 456.

తరువాతి మెట్టు ఇంటర్‌లీవింగ్. 456 బిట్‌లను 57 చొప్పున ఎనిమిది భాగాలు చేసి, ఎనిమిది వరుస ప్రసార సమయాలలో పంచారు. ఒక ప్రసారం పూర్తిగా ఫేడింగ్‌లో పోయినా, పోయేది ఒక మాట ముక్కలో ఎనిమిదో వంతే. ఆ లోటును కోడ్ పూడ్చగలదు. ఈ ఎనిమిది ప్రసారాలకు పట్టే కాలం సుమారు 37 మిల్లీసెకన్లు. మనిషి చెవి దీనిని సహిస్తుంది. నియంత్రణ సందేశాలకు మాత్రం, ముప్పై ఏళ్ల క్రితపు ఫైర్ కోడ్‌ను కూడా వాడారు.

ఇక్కడ ఒక వింత ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు 17 సెంటీమీటర్లను సుమారు 10 మిల్లీసెకన్లలో దాటుతుంది. 37 మిల్లీసెకన్ల వ్యవధిలో అది మూడు నాలుగు సార్లు మంచి, చెడు స్థితులను చూస్తుంది. అందువల్ల ఇంటర్‌లీవింగ్ చక్కగా పనిచేస్తుంది. గంటకు 5 కిలోమీటర్లు నడిచే మనిషికి అదే దూరం దాటడానికి సుమారు 120 మిల్లీసెకన్లు పడుతుంది. ఎనిమిది ప్రసారాలూ ఒకే గోతిలో పడవచ్చు. వేగంగా పోయేవాడి కంటే నిదానంగా నడిచేవాడికే ఇబ్బంది ఎక్కువ. ఈ సమస్యకు జి.ఎస్.ఎం. చూపిన మార్గం సెకనుకు 217 సార్లు పౌనఃపున్యాన్ని మార్చుకునే అవకాశం. మనిషి కదలకపోయినా తరంగదైర్ఘ్యం మారుతుంది కాబట్టి గొయ్యి స్థానం మారుతుంది. కాలంలో దొరకని వైవిధ్యాన్ని పౌనఃపున్యంలో వెదుక్కున్నారన్నమాట.

మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగింది. ఆ తరువాత మన పట్టణాలకు, పల్లెలకు వ్యాపించిన జి.ఎస్.ఎం. ఫోన్లలో ఈ 260, 456 లెక్క నడిచింది.

6. దూరానికి కొత్త అర్థం

రెండు కోడ్ పదాలు ఒకదానినుంచి ఒకటి ఎంత భిన్నంగా ఉంటే కోడ్ అంత మంచిదని మొదటినుంచీ భావించారు. 1982లో గాట్‌ఫ్రీడ్ ఉంగర్‌బెక్ కోడింగ్‌నూ, మాడ్యులేషన్‌నూ కలిపి రూపకల్పన చేసే పద్ధతిని ప్రచురించాడు. టెలిఫోన్ మోడెంలలో అది గొప్ప విజయం సాధించింది. అక్కడ కొలత సిగ్నళ్ల మధ్య రేఖాగణిత దూరం.

అదే కోడ్‌ను ఫేడింగ్ ఛానల్‌లో పెడితే ఆశించిన ఫలితం రాలేదు. ఎందుకో 1988లో దారియుష్ దివ్‌సలార్, మార్విన్ సైమన్ వివరించారు. ఫేడింగ్‌లో రెండు సందేశాల మధ్య మొత్తం దూరం ఎంత అన్నది ప్రధానం కాదు. అవి ఎన్ని వేరువేరు స్థానాలలో భిన్నంగా ఉన్నాయి అన్నదే ప్రధానం. తేడా అంతా ఒకే చిహ్నంలో ఉంటే, ఆ చిహ్నం ఫేడింగ్‌లో పడగానే తేడా కూడా మాయమవుతుంది. తేడా ఐదు చిహ్నాలలో పరచుకొని ఉంటే ఐదూ ఒకేసారి పోవాలి.

రెండవ భాగంలో చూసిన మూడు ఏంటెనాల లెక్కను ఇప్పుడు గుర్తు చేసుకోండి. ఇంటర్‌లీవింగ్ ఉన్నప్పుడు, ఐదు స్థానాలలో భిన్నంగా ఉండే కోడ్ ఐదు ఏంటెనాలతో సమానమైన ఫలితాన్ని ఇస్తుంది. 1931 నాటి ఇంజనీర్ల డైవర్సిటీ, 1950 నాటి హామింగ్ దూరం ఒకే వస్తువుకు రెండు పేర్లని ఈ విధంగా తేలింది. 1992లో ఎఫ్రాయిం జెహావి బిట్ స్థాయిలోనే ఇంటర్‌లీవింగ్ చేసి ఈ వైవిధ్యాన్ని మరింత పెంచవచ్చని చూపాడు. ఇప్పటి వైర్‌లెస్ ప్రమాణాలు ఎక్కువగా ఆ బాటలోనే నడుస్తున్నాయి.

చిన్న ఫోన్‌లో దూరదూరంగా ఏంటెనాలు పెట్టడం కష్టం. ఆ భారాన్ని టవర్‌కు మార్చే ఉపాయాన్ని 1998లో సియావాష్ అలమౌతి ఇచ్చాడు. రెండు ఏంటెనాలు మొదటి క్షణంలో రెండు చిహ్నాలను పంపుతాయి. రెండవ క్షణంలో అవే చిహ్నాలను ఏంటెనాలు మార్చి, గణితపరంగా కొద్దిగా సవరించి పంపుతాయి. ఒకే ఏంటెనా ఉన్న ఫోన్ కూడా రెండింటినీ సులువుగా విడదీసి, రెండు దారుల లాభాన్ని పొందుతుంది. అదే సంవత్సరం తారోఖ్, శేషాద్రి, కాల్డర్‌బ్యాంక్ ఇలాంటి కోడ్‌లకు సాధారణ సిద్ధాంతాన్ని అందించారు. వీటిని స్పేస్-టైం కోడ్‌లు అంటారు.

7. టర్బో కోడ్‌లు, పాత ఆలోచనల పునరాగమనం

1993లో జెనీవాలో జరిగిన సదస్సులో ఫ్రాన్స్‌కు చెందిన క్లోడ్ బెరూ, అలాన్ గ్లావియూ, వారితోపాటు పున్య థితిమజ్షిమ టర్బో కోడ్‌లను ప్రకటించారు. షానన్ హద్దుకు 1 డెసిబెల్ కంటే తక్కువ దూరంలోకి వచ్చామన్న వారి మాటను మొదట చాలామంది నమ్మలేదు. ఇతరులు స్వయంగా ప్రయోగించి చూశాకే నమ్మకం కుదిరింది. ఈ కోడ్ నిర్మాణం మన కథకు ముఖ్యం. అందులో రెండు చిన్న కన్వల్యూషనల్ కోడ్‌లు ఉంటాయి. రెండింటి మధ్య ఉండేది ఒక ఇంటర్‌లీవర్. డీకోడర్‌లు రెండూ తమ అభిప్రాయాలను, నమ్మకపు కొలతలతో సహా, ఒకదానికొకటి చెప్పుకుంటూ క్రమంగా ఒక నిర్ణయానికి వస్తాయి. ఫేడింగ్‌కు విరుగుడుగా కోడ్ బయట ఉన్న ఇంటర్‌లీవింగ్ ఇక్కడ కోడ్‌లోనే భాగమైంది. మూడవ, నాలుగవ తరం మొబైల్ వ్యవస్థలలో డేటాను కాపాడినవి టర్బో కోడ్‌లే.

ఈ విజయం ఒక పాత సిద్ధాంత వ్యాసాన్ని వెలికితీసింది. రాబర్ట్ గాలెగర్ 1960లో ఎం.ఐ.టి.లో డాక్టరేట్ కోసం రాసిన ఎల్.డి.పి.సి. కోడ్‌లు అప్పటి యంత్రాల శక్తికి మించినవి కావడంతో మరుగున పడ్డాయి. 1990ల మధ్యలో డేవిడ్ మెకే, రాడ్‌ఫర్డ్ నీల్ వాటి బలాన్ని మళ్లీ చూపారు. ఐదవ తరం మొబైల్ వ్యవస్థలో డేటాకు ఈ కోడ్‌లను, నియంత్రణ సందేశాలకు ఎర్డల్ అరికాన్ 2009లో ప్రచురించిన పోలార్ కోడ్‌లను ఎంచుకున్నారు. అరికాన్ ఎం.ఐ.టి.లో గాలెగర్ శిష్యుడే.

తిరిగి వచ్చినది గాలెగర్ ఆలోచన ఒక్కటే కాదు. మళ్లీ పంపమని అడిగే వాన్ డ్యూరెన్ ఉపాయం కూడా తిరిగి వచ్చింది. ఈసారి రిసీవర్ పాడైన కాపీని పారేయదు, దాచుకుంటుంది. డేవిడ్ చేజ్ 1985లో చూపినట్లు, రెండు పాడైన కాపీలను కలిపితే ఒక మంచి కాపీ రావచ్చు. యోఆకిం హాగెనవర్ 1988లో చూపిన విధంగా, రెండవసారి అదే సందేశానికి బదులు అదనపు తనిఖీ బిట్‌లను మాత్రమే పంపవచ్చు. నాలుగవ తరంలో ఇలా అడిగి తెప్పించుకోవడానికి సుమారు 8 మిల్లీసెకన్లు చాలు. షార్ట్‌వేవ్ టెలిప్రింటర్‌కు పుట్టిన ఉపాయం ఈరోజు మీ ఫోన్‌లో క్షణానికి అనేకసార్లు జరుగుతోంది.

8. సారాంశం

ఈ చరిత్రను కేవలం షానన్ హద్దువైపు సాగిన పరుగుగా చూస్తే మూడు విషయాలు మరుగున పడతాయి. మొదటిది, రేడియో ఇంజనీర్ల వాటా. సిద్ధాంతం రాకముందే వారు డైవర్సిటీనీ, మళ్లీ పంపడాన్నీ ఆచరణలో పెట్టారు. సిద్ధాంతం 1988 నాటికి గాని ఆ అనుభవాన్ని కోడ్‌ల భాషలో పూర్తిగా చెప్పలేకపోయింది. రెండవది, మూల్యం. ప్రతి రక్షణకూ ఆలస్యమో, అదనపు బిట్‌లో, యంత్ర శక్తో చెల్లించాలి. 260 బిట్‌లలో 78 బిట్‌లకు రక్షణ ఇవ్వకపోవడం అజాగ్రత్త కాదు. మనిషి చెవిని పరిశీలించి చేసిన ఎంపిక. మూడవది, కాలం. మంచి ఆలోచన పుట్టడం, దానిని భరించగల యంత్రం పుట్టడం ఒకేసారి జరగవు. గాలెగర్ కోడ్‌లు మూడు దశాబ్దాలకు పైగా వేచి ఉన్నాయి.

నాయిస్‌ను ఎదుర్కోవడానికి కోడ్ చాలు. ఫేడింగ్‌ను ఎదుర్కోవడానికి కోడ్‌తోపాటు, సందేశం పరచుకోవడానికి చోటు కూడా కావాలి. ఆ చోటును కాలంలో, పౌనఃపున్యంలో, స్థలంలో వెదకడమే ఈ తొంభై ఏళ్ల చరిత్ర. తరువాతి పాఠంలో కన్వల్యూషనల్ కోడ్‌ల నిర్మాణాన్ని, విటర్బి పద్ధతిని లెక్కలతో సహా నేర్చుకుందాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ప్రసార శక్తిని పది రెట్లు పెంచడం కంటే రెండవ ఏంటెనా చేర్చడం ఎందుకు మేలు? రేలీ ఫేడింగ్ సంభావ్యతల ఆధారంగా వివరించండి.
2. ఏడు బిట్‌ల హామింగ్ పదాలు ఆరింటిని నిలువు వరుసల ప్రకారం పంపితే, వరుసగా ఎన్ని బిట్‌లు పాడైనా సవరించవచ్చు? పట్టిక గీసి చూపండి.
3. జి.ఎస్.ఎం. మాట ముక్కలో 260 బిట్‌లు 456 బిట్‌లుగా ఎలా మారతాయో మెట్లవారీగా రాయండి.
4. నడిచే మనిషికి ఇంటర్‌లీవింగ్ ఎందుకు తక్కువగా ఉపకరిస్తుంది? దానికి జి.ఎస్.ఎం. చూపిన మార్గం ఏమిటి?
5. వాన్ డ్యూరెన్ పద్ధతికీ, నాలుగవ తరం మొబైల్‌లోని మళ్లీ పంపే పద్ధతికీ ఉన్న పోలికలు, తేడాలు చర్చించండి.